బ్లార్నీ రాయి ఇచ్చేది వాగ్ధాటా, ఇచ్చకమా?

సు.: ఐర్లండ్‌లో కార్క్ దగ్గరి బ్లార్నీ కోట రాయి గురించిన ఇంగ్లిష్ పాట చరణం అనువదిస్తున్నాను. అందులో ఆ రాయిని ముద్దాడినవాడికి అబ్బేది ఏమిటి? ముఖస్తుతి అని గుర్తు. ప్రాస మాత్రం కుదరట్లేదు.

ర.: అక్కడున్నది "ఎలొక్వెంట్", అంటే వాగ్ధాటి గలవాడు. ముఖస్తుతి ఊసే లేదు. పాట మిలికిన్‌ది, ఈ రాయి చరణం మాత్రం తరవాతి కాలంలో మహోనీ చేర్చింది. ముద్దాడినవాడు ఆడవారి గదికి ఎక్కనూవచ్చు, పార్లమెంటు మెంబరూ కావచ్చు అంటుంది. అందులో క్లాంబర్, చేంబర్, మెంబర్ చూడండి: బిందుపూర్వక బకార ప్రాస, సున్న తరవాత బకారం! తొలి అక్షరాలు మూడూ గురువులే.

వే.: ప్రాస పాదం రెండో అక్షరానికి కదండీ. ఇక్కడ ఒకటి పాదాంతం, రెండు పాదమధ్యం. అంతఃప్రాస అనండి.

ర.: సరే, అంతఃప్రాసే. అయినా మహోనీ మామూలువాడా! ఫాదర్ ప్రౌట్ పేరుతో, ఐరిష్ కవి థామస్ మూర్ పాటలకు లాటిన్, ఫ్రెంచి "మూలాలు" తానే అల్లి, మూర్ దొంగిలించాడని ఆటపట్టించినవాడు.

కా.: అసలు అది బ్లా కాదు, వ్లా. ఐరిష్‌లో "అన్ వ్లార్నా", చిన్న పొలం అని. ఆర్టికల్ తరవాత బకారం వకారమైంది. మన "వాడు పోయె" "వాడు వోయె" అయినట్టే, గసడదవాదేశం.

వే.: పోలిక బాగుంది, సూత్రం వేరు. వాళ్లకు నామం స్త్రీలింగం కావాలి. మనకు లింగంతో పనిలేదు, ప్రథమా విభక్తి పదం మీద పరుషం (క, చ, ట, త, ప) వస్తే చాలు. పైగా మనది బహుళం, ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు.

సు.: ఇంగ్లిష్‌లో "బ్లార్నీ" అనే మాటకు అర్థం సంగతి చెప్పండి.

ర.: ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ కోట అప్పగించమన్నప్పుడల్లా ఆ కోట దొర మెక్‌కార్తీ వినయంగా జవాబు పంపేవాడట, కోట మాత్రం ఇచ్చేవాడు కాదట. "ఇదంతా బ్లార్నీ" అని రాణి విసుక్కుందని కథ. ఇచ్చకాలాడేవాడు ఏదో రాబట్టుకోవడానికి ఆడతాడు. ఈయన ఇవ్వకుండా ఉండటానికి ఆడాడు. కాబట్టి మభ్యపెట్టడం.

కా.: మభ్యపెట్టడంలో తీపి ఏదీ? ఎదుటివారి ఇచ్చ కనిపెట్టి మాట్లాడటమే ఇచ్చకం. లాభం సంగతి తరవాత. నా ఓటు దానికే.

వే.: "వంగి ముద్దాడి" అని మాత్రం అనువదించకండి. 1446 నాటి కోట పైన, నేలకు దాదాపు 85 అడుగుల ఎత్తున, నడిచే చోటుకీ బయటి పిట్టగోడకీ మధ్య సందుంది. రాయి ఆ సందుకు అవతల, ఆ పిట్టగోడ అడుగున ఉంది. ముందుకు వంగితే అందదు. వెల్లకిలా పడుకుని, ఇనప కడ్డీలు రెండు చేతులా పట్టుకుని, తల వెనక్కి కిందికి దించితేనే పెదవులు తగులుతాయి. జారకుండా ఒకరు నడుం పట్టుకుంటారు.

సు.: అయితే చరణంలో వాగ్ధాటే ఉంచనా?

ర.: పార్లమెంటు మెంబర్‌కి అదే సరిపోతుంది.

కా.: ఆడవారి చేంబర్‌కి ఎక్కేవాడికో? అక్కడ ఇచ్చకమే కావాలి. ఊరి పేరు మాత్రం వకారంతో రాయండి.