ఫాస్ట్‌క్యూ ఫైలును ఫాస్టాగా మారిస్తే ఏం కోల్పోతాం?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం):
భీమిలి తీరంలో సేకరించిన బ్యాక్టీరియా 16ఎస్ జన్యు (బ్యాక్టీరియా రకాలను గుర్తించడానికి వాడే జన్యువు) శ్రేణులు మాకు ఫాస్ట్‌క్యూ ఫైళ్లుగా వచ్చాయి. మా మేడమ్ గారు వాటిని ఫాస్టాలోకి మార్చి తెమ్మన్నారు. రెండూ మామూలు అక్షరాల ఫైళ్లే కదా, మార్చడం వల్ల నష్టమేమైనా ఉంటుందా?

సమాధానం 1:
ఉంటుందండీ. ఫాస్టాలో ఒక్కో శ్రేణికి, లెక్కల్లో ‘కంటే పెద్దది’ అని చూపే గుర్తుతో మొదలయ్యే శీర్షిక, దాని కింద శ్రేణి అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఫాస్ట్‌క్యూలో ప్రతి రీడ్‌కూ (యంత్రం చదివిన ఒక్కో డీఎన్‌ఏ ముక్కకూ) సాధారణంగా నాలుగు వరుసలుంటాయి: @ గుర్తుతో పేరు, శ్రేణి, + గుర్తు, చివరగా ఒక్కో బేసును (డీఎన్‌ఏ అక్షరాన్ని) ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే నాణ్యత సంకేతాలు. ఇప్పటి ఫైళ్లలో సంకేతపు ఆస్కీ విలువ (కంప్యూటర్‌లో ఆ గుర్తుకున్న సంఖ్య) నుంచి 33 తీసేస్తే ఫ్రెడ్ స్కోరు అనే నాణ్యత స్కోరు వస్తుంది, ‘?’ విలువ 63 కనుక దాని స్కోరు 30, అంటే ఆ బేసు తప్పయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి. మార్చగానే ఈ సమాచారమంతా పోతుంది, ఫాస్టా నుంచి దాన్ని తిరిగి రాబట్టలేం. అందువల్ల నాణ్యత తగ్గిన చివరలను ముందే కత్తిరించి, ఆ తర్వాతే మార్చండి. అసలు ఫైళ్లను దయచేసి చెరపకండి.

సమాధానం 2:
శీర్షికల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చాలా సాఫ్ట్‌వేర్లు మొదటి ఖాళీ వరకే పేరుగా తీసుకుంటాయి కాబట్టి ‘భీమిలి 1’, ‘భీమిలి 2’ అని పెడితే రెండూ ఒకే పేరైపోతాయి. ఖాళీకి బదులు అండర్‌స్కోర్ వాడండి.

సమాధానం 3:
ఫాస్టా ఫైలు తనలో ఉన్నది డీఎన్‌ఏనా, ప్రోటీనా అని కూడా చెప్పదు. ఎన్ అక్షరం డీఎన్‌ఏలో ఏదైనా ఒక బేసును సూచిస్తే, ప్రోటీన్‌లో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా నమోదు కావాలంటే శ్రేణితో పాటు ఇలాంటి వివరాలూ ఉంచే జెన్‌బ్యాంక్ ఫైలు రూపంలో భద్రపరచడం మేలు.