మనుషుల నిర్ణయాల మీద థీసిస్: బిగ్ డేటాతో నిజంగా కొత్త విషయం తెలుస్తుందా?

సైకాలజీ_పీజీ:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ యాభై అరవై మందిని కూర్చోబెట్టి "ఖాయంగా వచ్చే కొంత డబ్బు కావాలా, లాటరీ కావాలా" అని అడిగి లెక్కలు కట్టాం. ఇప్పుడు మా గైడ్ గారు బిగ్ డేటా వైపు వెళ్లమంటున్నారు. పైథాన్ కొద్దిగా వచ్చు. కోట్ల వరుసల డేటాతో కొత్త సంగతి ఏమైనా తెలుస్తుందా, లేక తెలిసిందే పెద్ద గ్రాఫులో కనిపిస్తుందా? టెన్షన్‌గా ఉంది.

లెక్కలమనిషి:
తెలుస్తుందండీ. న్యూయార్క్ టాక్సీల సంగతే చూడండి. డ్రైవర్లు రోజుకింత అని లక్ష్యం పెట్టుకుని, అది రాగానే బండి ఆపేస్తారని, అంటే గిరాకీ బాగున్న రోజే తొందరగా ఇంటికెళ్తారని 1997లో కామెరర్, థేలర్ అనే ఆర్థికవేత్తలు, వాళ్ల తోటివాళ్లు కొన్ని ట్రిప్ షీట్లు (డ్రైవర్లు రాసుకునే ట్రిప్పుల లెక్కలు) చూసి చెప్పారు. వినగానే నమ్మబుద్ధేస్తుంది. కానీ 2015లో ఫార్బర్ అనే ఇంకో ఆర్థికవేత్త 2009 నుంచి 2013 దాకా అక్కడి టాక్సీల ఎలక్ట్రానిక్ రికార్డులు ముందేసుకుని చూస్తే, రాబడి బాగున్నప్పుడు డ్రైవర్లు మామూలుగా ఎక్కువసేపే తిప్పుతున్నారు. వానలో గంట రాబడి పెరగడం లేదని కూడా తేలింది, దాంతో వాన రోజు లక్ష్యం ముందే నిండిపోతుందన్న వాదన నిలవలేదు.

నిదానం:
ఒప్పుకుంటాను, కానీ బండి ఎప్పుడు ఆపాడో రికార్డులో ఉంటుంది, నడుము నొప్పి వల్ల ఆపాడా అన్నది ఉండదు. అందుకే 2021లో సైన్స్ పత్రికలో గ్రిఫిత్స్ బృందం వేసిన పేపర్ నాకు ఇష్టం. దొరికిన డేటా మీద ఆధారపడకుండా మీరు చెప్పిన లాంటి లాటరీ ప్రశ్నలే పదివేలకు పైగా తయారుచేసి జనాన్ని అడిగారు, న్యూరల్ నెట్‌వర్క్‌కు (డేటా చూసి తనంతట తాను నేర్చుకునే కంప్యూటర్ మోడల్) ముందు పాత సిద్ధాంతాల పగ్గం వేసి, కొంచెం కొంచెంగా వదులుతూ అంచనా ఎక్కడ మెరుగుపడుతోందో చూశారు. ముందున్న ప్రశ్నను బట్టి మనిషి తూకం వేసే తీరే మారుతోందని బయటపడింది.

చదరంగపిచ్చి:
చదరంగంతో మొదలుపెట్టండి. లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైటులో ఆడిన రేటెడ్ ఆటలన్నీ నెలనెలా ఉచితంగా దొరుకుతాయి, 2017 ఏప్రిల్ నుంచి ఒక్కో ఎత్తు దగ్గర గడియారంలో ఎంత మిగిలిందో కూడా ఉంటుంది. పావులు ఆరుకు మించకపోతే ఏ ఎత్తు సరైనదో టేబుల్‌బేస్ (ముందే పూర్తిగా లెక్కకట్టి పెట్టిన స్థితుల పట్టిక) కచ్చితంగా చెప్పేస్తుంది. టాక్సీ డ్రైవరు తప్పు చేశాడో లేదో మనం ఊహించాలి, ఇక్కడ ఆ బాధ లేదు. 2016లో ఆండర్సన్, క్లైన్‌బర్గ్, ముల్లైనాథన్ అనే పరిశోధకులు ఇలాగే చూస్తే, తప్పు జరుగుతుందా అన్నది చెప్పడానికి ఆటగాడి రేటింగ్ కంటే, మిగిలిన టైమ్ కంటే, ఆ స్థితి ఎంత కష్టమైనదన్నదే ఎక్కువ పనికొచ్చింది.

సైకాలజీ_పీజీ:
చాలా థాంక్సండీ. ఈ రాత్రికే ఒక నెల ఫైలు దించుకుంటాను. కష్టమైన స్థితి అని ఆటగాడు గుర్తుపట్టి అక్కడ ఎక్కువసేపు ఆగుతున్నాడా, గుర్తుపట్టకుండా చకచకా ఆడేస్తున్నాడా అన్నది చూడాలని ఉంది.

చదరంగపిచ్చి:
మంచి ప్రశ్న. బ్లిట్జ్ (చాలా తక్కువ టైమ్‌లో ఆడేవి), రాపిడ్ (కాస్త ఎక్కువ టైమ్ ఉండేవి) ఆటలు కలిపేయకండి, విడివిడిగా చూడండి.