‘నివురుగప్పిన’ అనే మాట గెలాక్సీకి నప్పుతుందా?

ప్రశ్న: హనుమకొండలో తెలుగు మీడియం డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. దుమ్ము చాటున ఉండే క్రియాశీల గెలాక్సీ కేంద్రకాల గురించి పాఠం రాస్తూ ‘నివురుగప్పిన కేంద్రకం’ అన్నాను. తోటి లెక్చరర్ ఒకరు అలంకారాలు వద్దు, ‘ఆచ్ఛాదిత’ అని రాయమంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ‘నివురుగప్పిన’ ఉంచండి సార్. నివురు కింది నిప్పు కంటికి ఆనదు, చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తుంది. ఆ కేంద్రకాల సంగతీ అదే. నడుమ భారీ కృష్ణబిలం. అందులోకి జారే పదార్థం విపరీతంగా వేడెక్కి అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. చుట్టూ ఉన్న దుమ్ము దాన్ని మింగేసి, తాను కాగి, పరారుణ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు వదులుతుంది. మామూలు కాంతిలో దాగినది పరారుణంలో బయటపడేది అందుకే. మెస్సియర్ 77 గెలాక్సీలో దట్టమైన దుమ్ము వలయం చాటున కృష్ణబిలం ఎక్కడుందో 2022లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ పరారుణ పరిశీలనలతోనే తేల్చారు. ‘ఆచ్ఛాదిత’ అంటే కప్పి ఉందని మాత్రమే తెలుస్తుంది, సెగ ఊసే ఉండదు.

ఒక్క తేడా మాత్రం పిల్లలకు చెప్పి తీరాలి. నివురు ఆ నిప్పులోంచి పుట్టిందే. ఈ దుమ్ము కృష్ణబిలం మిగిల్చిన బూడిద కాదు. అందులోని కార్బన్, సిలికాన్ నక్షత్రాల్లో తయారైనవి.

ప్రశ్న: మంచిది సార్. దూరపు గెలాక్సీలన్నిటికీ ఇదే మాట వాడొచ్చా? వాటినీ పరారుణంలోనే చూస్తున్నారు కదా.

జవాబు: వద్దండి, అక్కడ కారణం వేరు. విశ్వం వ్యాకోచిస్తుంటే ప్రయాణంలో ఉన్న కాంతి తరంగాలూ సాగుతాయి. హైడ్రోజన్ వెలువరించే ఎర్ర కాంతి గీత తరంగదైర్ఘ్యం 0.656 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు). ఈ సాగుడుకు కొలత రెడ్‌షిఫ్ట్; దానికి ఒకటి కలిపితే ఎన్ని రెట్లయిందో వస్తుంది. రెడ్‌షిఫ్ట్ 6 ఉన్న గెలాక్సీ నుంచి అది 7 రెట్లు సాగి 4.6 మైక్రాన్ల దగ్గర, అంటే పరారుణంలో, కనిపిస్తుంది. దుమ్ము అసలే లేకపోయినా ఇది జరుగుతుంది. 2021 డిసెంబర్ 25న ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ సుమారు 28 మైక్రాన్ల వరకూ చూసేలా కట్టిందీ చాలావరకు ఇలాంటి వెలుగు కోసమే. దీనికి ‘సాగిన వెలుగు’ అంటే తేటగా ఉంటుంది.

దూరమూ దుమ్మూ రెండూ ఉన్న కేంద్రకాలకైతే రెండు మాటలూ కావాలి. దుమ్ము వదిలిన సెగ కూడా దారిలో సాగి, ఇంకా పొడవైన తరంగాలుగా మనకు చేరుతుంది.