నాయన లాడ్జిలో కంప్యూటర్ ఆన్ కాగానే అప్లికేషన్ దానంతటదే రావాలంటే ఎట్లా?

కొత్తగా వచ్చినోడు, మ్యూనిక్:
అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది తిరుపతి. బస్టాండుకు దగ్గర్లో నాయన చిన్న లాడ్జి నడుపుతాడు. రూముల రిజిస్టర్‌కి నేనే జావాలో ఒక అప్లికేషన్ రాసి, కౌంటర్ కింద ఉన్న పాత ఉబుంటు కంప్యూటర్‌లో పెట్టా. ఊళ్లో ఉన్నన్నాళ్లూ కరెంటు పోయి వస్తే టెర్మినల్ తెరిచి నోహప్ అనే కమాండ్‌తో అప్లికేషన్ లేపేవాణ్ణి. ఇక్కడికొచ్చి పది రోజులైంది. మొన్న తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగిన యాత్రికులు ఆధార్ జిరాక్సులు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డారు, స్క్రీన్ రావట్లేదని నాయన ఫోన్. ఇక్కడ రాత్రి పన్నెండున్నర. ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే ఇక్కడినుంచే నెట్ ద్వారా ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి లేపా. రోజూ ఇదే అంటే కష్టం. ఎవరూ లాగిన్ కాకుండా అదే మొదలవ్వాలంటే ఏం చేయాలి?

పీలేరు అన్న, ఫ్రాంక్‌ఫర్ట్:
తమ్ముడూ, ముందు ఆన్‌మెల్డుంగ్, అదే ఇక్కడి అడ్రస్ నమోదు, అయిందా చెప్పు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అయిపోవాలి, ఓనర్ సంతకం చేసిన కాగితం తీసుకెళ్లాలి. నీకింక నాలుగు రోజులే ఉంది.

సరే, నీ ప్రశ్న. నోహప్ నీ టెర్మినల్ మూసినా బతుకుతుంది కానీ రీబూట్ అయితే బతకదు. బూట్‌లో ప్రోగ్రాములను లేపి చూసుకునే సిస్టమ్‌డీకి అప్పజెప్పు. ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్ ఫోల్డర్‌లో ఒక సర్వీస్ ఫైల్ రాయాలి. ఎగ్జెక్‌స్టార్ట్ లైన్లో జావా ఎక్కడుందో, నీ ప్రోగ్రామ్ జార్ ఫైల్ ఎక్కడుందో పూర్తి దారి ఇవ్వు. నీ టెర్మినల్‌కి తెలిసిన పాత్ దానికి తెలియదు. వాంటెడ్‌బై దగ్గర మల్టీ యూజర్ టార్గెట్ అని రాయి, అంటే ఎవరూ లాగిన్ కాకున్నా బూట్‌లోనే లేస్తుంది. తర్వాత కొత్త ఫైల్‌ని చదివించే డీమన్ రీలోడ్, ఆ తర్వాత ఎనేబుల్. స్టార్ట్ అంటే ఇప్పుడు మాత్రమే, ఎనేబుల్ అంటే బూట్ అయిన ప్రతిసారీ. సగం మంది స్టార్ట్ కొట్టి పనైపోయిందనుకుంటారు.

చిత్తూరు అక్క, స్టుట్‌గార్ట్:
అన్న చెప్పింది కరెక్టే, కానీ అసలు కంప్యూటరే ఆన్ కాకపోతే? కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయాస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని పవర్ ఆన్‌కి మార్చాలి. అది ఇక్కడినుంచి కుదరదు. ఊళ్లో ఎవరైనా కీబోర్డు ముందు కూర్చుంటే వీడియో కాల్‌లో చెప్పు. మా తమ్ముడి చేత నేనలాగే చేయించా.

ఇంకోటి, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్ పేరుతో నడపొద్దు. వేరే యూజర్‌ని పెట్టు. డేటాబేస్ అదే మెషీన్‌లో ఉంటే ఆఫ్టర్ లైన్లో దాని పేరు రాయి, లేకపోతే నీ అప్లికేషన్ ముందు లేచి, డేటాబేస్ కనపడక చచ్చిపోతుంది.

నగరి అన్న, కొలోన్:
ఏమప్పా, ఇవన్నీ కాదు, ఓనర్ల సంగతి చెప్తా విను. 2012లో నా మొదటి ఇల్లు. నా పాత డెస్క్‌టాప్‌ని సర్వర్‌గా చేసి ఇంటికింది కెల్లర్‌లో పెట్టా. రోజూ పొద్దున చూస్తే అప్లికేషన్ ఉండదు. మెమరీ నిండిపోతోందని మూడు వారాలు కోడ్ గోక్కున్నా. చివరికి చూస్తే లాగ్ రోజూ రాత్రి పది దాటాక ఒకే సమయానికి ఆగిపోతోంది. ఓ రాత్రి కెల్లర్‌లో ఆలుగడ్డల బస్తా మీద కూర్చున్నా. ఓనర్ చెప్పులీడ్చుకుంటూ వచ్చి మెయిన్ స్విచ్ కట్టేశాడు! కరెంటు దండగట, పొద్దున మళ్లీ వేస్తాడట. చీకట్లో నేను దగ్గితే అరిచిన అరుపుకు వీధి లేచింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కంప్యూటర్ వేడికి గోడ రంగు పోయిందని డిపాజిట్‌లో మూడొందల యూరోలు పట్టుకున్నాడు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె, అదే హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె, దాటకూడదు తమ్ముడూ, మూడు వాయిదాల్లో కట్టొచ్చు. గుర్తుపెట్టుకో.

చిత్తూరు అక్క, స్టుట్‌గార్ట్:
మెషీన్ ఎంతసేపటినుంచి ఆన్‌లో ఉందో చెప్పే అప్‌టైమ్ అని ఒక్కసారి కొట్టుంటే మొదటి పొద్దునే తెలిసేది కదన్నా, మెషీనే ఆగి లేచిందని.

నగరి అన్న, కొలోన్:
అప్పుడు తోచలేదు. అయినా సర్వీసులూ గిర్వీసులూ ఎందుకు? చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో రీబూట్ అని ఒక లైను చాలు. నాది ఇప్పటికీ అదే.

పీలేరు అన్న, ఫ్రాంక్‌ఫర్ట్:
క్రాన్ లేపుతుంది, మధ్యలో పడిపోతే మళ్లీ చూడదు. సిస్టమ్‌డీలో రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్ పెడితే చూస్తుంది. అయితే మళ్లీ లేపేముందు ఆగే సమయం, అదే రీస్టార్ట్‌సెక్, ఐదు సెకన్లు ఇవ్వు తమ్ముడూ. ఏమీ ఇవ్వకపోతే 100 మిల్లీసెకన్లకే మళ్లీ లేపుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు పడితే ఇక వదిలేస్తుంది. ఉబుంటు 2015లో సిస్టమ్‌డీకి మారింది, నువ్వెప్పుడు మారతావన్నా?

నగరి అన్న, కొలోన్:
సిస్టమ్‌డీకి ముందున్న పాత ఇనిట్ స్క్రిప్టులు ఏం పాపం చేశాయని?

కొత్తగా వచ్చినోడు, మ్యూనిక్:
అందరికీ థాంక్స్. మొదట 203 అని ఎర్రర్ వచ్చింది. లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌లో చూస్తే జావా దారిలో ఒక అక్షరం తప్పు కొట్టా. సరిచేశాక లేచింది. బయాస్ సెట్టింగ్ మా బాబాయి కొడుకు మార్చాడు, కావాలని మెయిన్ కట్టేసి ఆన్ చేయమన్నా. ఐదు నిమిషాలకు నాయన ఫోన్ చేసి, "నేనేం ముట్టుకోలా, రిజిస్టర్ అదే వచ్చింది. ఇంగ నువ్వు నిద్రపో" అన్నాడు. ఆన్‌మెల్డుంగ్‌కి మాత్రం ఓనర్ ఇంకా కాగితం ఇవ్వలేదు.

నగరి అన్న, కొలోన్:
కాగితం ఇవ్వలేదా? ఆగు, నా రెండో ఓనర్ సంగతి చెప్తా.