నెలవారీ షుగర్, బీపీ మందుల ఖర్చు ఇంకా ఎలా తగ్గించాలి?

నమస్కారం అండీ. మాది ఖమ్మం జిల్లా. అమ్మకు 64 ఏళ్లు, ఆరోగ్య బీమా లేదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే కదా, నెలనెలా మందులు చేతి డబ్బుతోనే కొనాలి.

చీటీ ఇది (అంకెలు మిల్లీగ్రాములు): షుగర్‌కు గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ (సస్టెయిన్డ్ రిలీజ్) కలిసిన మాత్ర రెండు పూటలా, పొద్దున ఎంపాగ్లిఫ్లోజిన్ 10, బీపీకి టెల్మిసార్టన్ 40, రాత్రి కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 10.

జన ఔషధి కేంద్రంలో చాలావరకు చౌకగా దొరుకుతాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిశాక చాలా కంపెనీలు తెచ్చాయి, అందుకే బ్రాండు కాకుండా మందు పేరు రాయమని డాక్టరు గారిని అడగబోతున్నాం.

చిక్కు కాంబినేషన్ మాత్రతోనే. అది స్టాకు లేనప్పుడు రెండూ విడిగా తీసుకోవచ్చా? అలా అడిగితే కొన్ని షాపుల్లో ఎస్‌ఆర్ బదులు మామూలు మెట్‌ఫార్మిన్ ఇస్తున్నారు. ఎస్‌ఆర్ మెల్లగా కరుగుతుంది. మామూలుది త్వరగా కరిగి కొందరికి కడుపు తిప్పుతుంది, విరేచనాలవుతాయి. స్ట్రిప్ మీద ఏం చూసుకోవాలో చెప్పండి.

టెల్మిసార్టన్ 80 కొని సగం చేస్తే కలిసొస్తుందంటున్నారు. కానీ అది తేమను లాగేస్తుంది, స్ట్రిప్‌లోంచి తీసిన వెంటనే వేసుకోవాలి. మిగిలిన సగం మర్నాటికి పనికొస్తుందా? నాకైతే నమ్మకం లేదు.

పీహెచ్‌సీలో (ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) బీపీ, షుగర్ మాత్రలు ఉచితమే. ప్రైవేటు డాక్టరు చీటీ చూపితే ఇస్తారా, మళ్లీ అక్కడే పరీక్షలు చేయించుకోవాలా? ఒకేసారి 30 రోజులకు ఇస్తారా? ఈ మధ్య తీసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.