ఐఆర్ఎస్ సమన్లపై కోర్టు షోకాజ్ ఆర్డర్ వచ్చింది, ఏం చెయ్యాలి?

అమెరికాలో ట్యాక్స్ కేసులు తెలిసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌వాయిస్‌లు పట్టుకుని రమ్మని మా బాబాయికి ఐఆర్ఎస్ (అక్కడి ఫెడరల్ ట్యాక్స్ శాఖ) సమన్లు పంపింది. ఆయన వెళ్లలేదు. కోర్టు చెబితే తప్ప బలవంతం చెయ్యలేరని ఎవరో అన్నారట. ఆ మాట నిజమే, కానీ ఇప్పుడు ప్రభుత్వం ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకే వెళ్లింది. ఎందుకు రాలేదో జడ్జి ముందు చెప్పుకోమని షోకాజ్ ఆర్డర్ వచ్చింది.

1964 నాటి అమెరికా సుప్రీంకోర్టు పావెల్ తీర్పు గురించి చదివాను. కోర్టు సమన్లు అమలు చేయించాలంటే ప్రభుత్వం నాలుగు విషయాలు చూపించాలట. దర్యాప్తు ఉద్దేశం సరైనదై ఉండాలి, అడిగినవి దానికి సంబంధించినవి కావాలి, అవి ఐఆర్ఎస్ దగ్గర ముందే ఉండకూడదు, పద్ధతి ప్రకారం నడిచి ఉండాలి. వీటిని చూపించడానికి సాధారణంగా ఐఆర్ఎస్ ఏజెంట్ అఫిడవిట్ సరిపోతుందట! ఆ తర్వాత భారమంతా మన నెత్తినే. మాకు పనికొచ్చేది మూడోదే అనిపిస్తోంది. 2021 స్టేట్‌మెంట్లు ఆడిట్‌లో ముందే ఇచ్చాం, కవరింగ్ లెటర్ కాపీ మీద అందినట్టు ముద్ర కూడా ఉంది. దాంతో సమన్లు మొత్తం ఆగుతాయా, ఆ కాగితాల వరకేనా? హియరింగ్ లోపు మిగతావి ఇచ్చేస్తే కేసు వెనక్కి తీసుకుంటారా?

కోర్టు ఆర్డర్‌నూ కాదంటే ధిక్కారం కింద జైలు దాకా వెళ్లొచ్చని విన్నప్పటి నుంచి పిన్నికి ఒకటే టెన్షన్. లాయర్‌ని వెతుకుతున్నాం. ఈలోగా ఇలాంటి కేసు దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?