బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌కి అలవాటైన ఫ్రెండ్స్‌ని మళ్ళీ టేబుల్ దగ్గరికి రప్పించడం ఎలా?

మా ఫ్రెండ్స్‌కి డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, పాత్రలుగా కథ నడిపించే ఆట) ఆడించేది నేనే. 2023లో బాల్డర్స్ గేట్ 3 వచ్చాక ఒక్కొక్కరే సెషన్ ఎగ్గొడుతున్నారు. అందులోనూ దాదాపు డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్సే. పైగా లెక్కలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది, అందరికీ టైం కుదరాలన్న గొడవా లేదు. గ్రాఫిక్స్‌తో నేనెలాగూ పోటీ పడలేను. కానీ అక్కడ ముందే రాసిపెట్టిన దారుల్లోనే నడవాలి. నా దగ్గర కాపలావాడికి పెళ్ళి సంబంధం చూస్తామన్నా కథ అటే తిరుగుతుంది (నిజంగానే అడిగారు!). అసలు చిక్కు ఫైటింగ్‌తోనే. కథలో రౌండ్ (అందరికీ ఒక్కో వంతు) అంటే ఆరు సెకన్లు, మాకు అరగంట పడుతోంది. ఇదే రూల్స్‌తో దాన్ని వేగంగా నడిపించే పద్ధతులున్నాయా? లేక తేలికైన రూల్స్ ఉన్న వేరే గేమ్‌కి మారాలా? ఆడించిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్. కొత్తవాళ్ళని వెతుక్కోమని మాత్రం అనకండి.